పదిహేడో నల్లా

పన్నెండు ఇరవైకి ఇన్‌స్పెక్టర్ అమరనాథ్ చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఐదు దాకా టైమిస్తున్న, రమాబాయి గారూ. ఐదింటికి కొత్త లైను ఓపెనింగు. అది అయిపోంగనే డానియేలు అరెస్టు కాయితాల మీద సంతకం పెడ్త. మీరు మా రికార్డుల సెక్షన్ల ముప్పై ఏండ్లు చేసిన్రని ఈ మర్యాద. ఇంకెవరికైనా అయితే గేటు కూడా దాటనియ్యను."

"మర్యాద కాదు నాయనా, భయం. నువ్వు ఎస్సైగా రాసిన పంచనామాలన్నీ నా చేతుల మీదికెల్లే పోయినయి."

అతను నవ్వలేదు. నాకూ నవ్వే ఓపిక లేదు. మొన్న బుధవారం సాయంత్రం ఛత్రినాకలో ఒక గల్లీ చివరి నాలుగిళ్లలో నీళ్లు తాగిన పంతొమ్మిది మంది వాంతులు, విరేచనాలతో దవాఖాన పాలయ్యారు. గురువారం తెల్లారేసరికి ప్రకాశం అనే ముసలాయన పోయాడు. ప్రీతి అనే ఏడు నెలల గర్భిణి ఇంకా ఐసీయూలోనే ఉంది. ఆ నీళ్లు వదిలింది లైన్‌మన్ డానియేలు. ఎందుకు వదిలాడో చెప్పడం లేదు. అతని కూతురు షారోన్ నిన్న నా గుమ్మంలో నిలబడి, "మా నాన్న జైలుకు పోతడు మేడం, అయినా నోరిప్పుతలేడు," అని ఏడ్చింది. ఏడుపుకి కరిగే రకాన్ని కాను నేను. కానీ ఆ పిల్ల వెళ్లేముందు కేసుకి సంబంధించిన తేదీలు, టైములు అన్నీ వరసగా రాసిచ్చింది. దానికి కరిగాను.

డానియేలు స్టేషన్ బెంచీ మీద రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూచున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు వాల్వులు తిప్పిన చేతులు. వేళ్ల కణుపులన్నీ కాయలు కాసి ఉన్నాయి.

"బుధవారం ఆ గల్లీకి నీళ్ల వంతు ఉందా?"

"లేదు మేడం. మంగళారం, బేస్తారం."

"మరి బుధారం నాలుగున్నరకు వాల్వు చాబీ పట్టుకొని ఎందుకు పోయినవ్?"

"పోయిన. తిప్పిన. అంతే."

"ఎవరు అడి—"

"ఎవ్వరడగలే!"

నా ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వచ్చేసింది. అప్పటిదాకా ఒక్కో మాటకు ఒక్కో నిమిషం తీసుకున్న మనిషి అతను.

"ఏ లైను తిప్పినవ్? పాతదా, కొత్తదా?"

అతను తల దించుకున్నాడు. "వాల్వు గుంతల మురికి నీళ్లు నిండి ఉండె మేడం. తోడకుంటనే తిప్పిన. అవే లోపలికి పోయినట్టున్నయ్. తప్పు నాదే. గదే రాసుకోమనున్రి."

శిక్ష పడే మాటను అడక్కుండానే చెప్పి, మిగతాదంతా మింగేస్తున్నాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తప్పు చేయలేదని ఒట్టేసిన దొంగలను వందలమందిని చూశాను. ఇలాంటి ఒప్పుకోలు మాత్రం ఎప్పుడూ ఎవరినో కాపాడటానికే వస్తుంది.

అమరనాథ్ నా ముందుకు ఒక ఫైలు తోశాడు. "మీ శిష్యుడి రిపోర్టు. చదువున్రి."

నందకిశోర్! రికార్డుల సెక్షన్‌లో ఆరేళ్లు నా పక్క కుర్చీలో కూచుని పని నేర్చుకున్నాడు. ఇప్పుడు సొంత డిటెక్టివ్ ఏజెన్సీ, ఏసీ గది, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. పాతబస్తీ నల్లాల నీళ్లను పరీక్షించే కాంట్రాక్టు నిర్మల్‌ధార అనే కంపెనీది. ఏ నల్లాలో క్లోరిన్ మందు ఎంత ఉందో రోజూ వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఎవరైనా తెరిచి చూడొచ్చు, ఎవరైనా దించుకోవచ్చు. ఓపెన్ డేటా అంటారు దాన్ని. ఆ కంపెనీ తరఫున నందకిశోర్ తేల్చింది ఇది: కొత్త లైను నీళ్లు పన్నెండు రోజులుగా శుభ్రంగా ఉన్నాయి, వెబ్‌సైటే సాక్ష్యం. కాబట్టి డానియేలు తిప్పింది పాత లైనే. వంతు లేని రోజు ఖాళీ గొట్టం తెరవడంతో అది మురుగును లోపలికి లాక్కుంది. కొత్త లైనుకు ఏ దోషమూ లేదు కాబట్టి ఐదింటికి ఆ లైను చివరున్న హుస్సేనీ ఆలంలో ఆరువందల ఇళ్లకు నీళ్లు వదలొచ్చు.

ఆ ఆరువందల ఇళ్లలో మా ఇల్లు కూడా ఉంది.

ఒంటిగంటా పదికి నేనూ షారోనూ చంద్రమ్మ ఇంటి ముందు ఆటో దిగాం. డానియేలు మీద పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది ఈమే. ఐసీయూలో ఉన్న ప్రీతి ఈమె కోడలు. ఆ నాలుగిళ్లలో మూడింటికి తాళాలు. మనుషులంతా దవాఖానలోనే ఉన్నారు. చంద్రమ్మ బట్టలు తీసుకుపోవడానికి అప్పుడే వచ్చినట్టుంది, చంకలో మూట ఉంది. షారోన్‌ను చూడగానే ఒంటికాలి మీద లేచింది.

"వాని బిడ్డను నా ఇంటికెందుకు తోల్కొచ్చినవ్? ఆ డానియేలు గాని చేతులు ఇరగ! నా కోడలు బిడ్డను కడుపుల పెట్టుకొని గొట్టాల నడుమ పడుంది!"

"తిట్టు, నేను వద్దనను," అన్నాను. "తిట్టేముందు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పు. బుధారం మీ ఇంట్ల సీమంతం. చుట్టాలు ఎన్నింటికి వచ్చిన్రు?"

"ఐదున్నరకు."

"వంటలు?"

"వంటోళ్లు పొద్దుగాలనే వచ్చిన్రు. మూడింటికల్ల వండి పెట్టి పోయిన్రు."

"వాళ్లెవరికైనా వాంతులయినయా?"

"ఏం కాలే. వాళ్లు బోరింగు నీళ్లు తెచ్చుకున్నరు."

"నీకెందుకు కాలేదు?"

"పనుల పడి గుక్కెడు ఛాయ తప్ప ఏం ముట్టలేదమ్మా. ముట్టినా బాగుండు. నేను పోతే పీడ పోయేది."

మాట్లాడుతూనే నా కళ్లు ఆకిలి అంతా తిరుగుతున్నాయి. గోడవారన నాలుగు పెద్ద నీలం డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. వాటి మీద తెల్లరంగుతో టెంటుహౌజ్ పేరు, ఫోన్ నంబరు. చంద్రమ్మ చూస్తుండగానే ఆ నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఎల్లేష్ అనే అతను ఎత్తాడు.

"ఛత్రినాకల చంద్రమ్మ ఇంటికి డ్రమ్ములు ఎప్పుడు దించినవ్ తమ్మీ?"

"బుధారం మూడున్నరకు మేడం. నాలుగు డ్రమ్ములు, ఖాళీవి. మంగళారమే దించుతా అంటే పెద్దమ్మ వద్దన్నది. బుధారం మూడు దాటినంకనే తెమ్మన్నది. ఏమైంది, పలిగినయా?"

ఫోన్ పెట్టేశాను. చంద్రమ్మ చంకలోని మూట కిందికి జారింది.

"మంగళారం నీళ్లొచ్చే రోజు, అప్పుడు డ్రమ్ములు వద్దన్నవ్. బుధారం చుక్క రాని రోజు, అప్పుడు నాలుగు ఖాళీ డ్రమ్ములు తెప్పించినవ్. ఎందుకు చంద్రమ్మా?"

ఆమె గడప మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

"నేనే అడిగిన," అంది చివరికి. "సోమారం నాడు డానియేలును అడిగిన. నలభై మంది వస్తరు తమ్మీ, తాజా నీళ్లు ఒక్క గంట ఇయ్యి, నా కోడలికి మొదటి ముచ్చట అని కాళ్ల మీద పడ్డ. బుధారం పాత లైన్ల నీళ్లుండయ్ అక్కా, కొత్తది నిండుగుంది, అండ్లకెల్లి నాలుగిళ్లకు ఇస్త అన్నడు. మంచిగున్నయా అని అడిగిన. చూసి చెప్త అన్నడు. బుధారం పొద్దుగాల వచ్చి, చూసిన అక్కా, మంచిగున్నయ్, ఫికర్ చెయ్యకు అన్నడు."

"ఎక్కడ చూసిండు?"

"నాకేమెరుక."

"మరి అతని మీదనే ఎందుకు కేసు పెట్టినవ్?"

"ఎవర్నన్నా అనాలె గదమ్మా! అనకపోతే అది నా మీదికే వస్తది. నీ పెండ్లానికి ఆ నీళ్లు నేనే అడిగి పోయించిన కొడుకా అని ఎట్ల చెప్పాలె?"

షారోన్ పోయి ఆమె పక్కన కూచుంది. చంద్రమ్మ తోసేయలేదు. డానియేలు తిప్పింది కొత్త లైను! మూడు గంటల్లో ఆరువందల ఇళ్లకు వదలబోతున్నది అవే నీళ్లు!

ఒకటీ యాభైకి అమరనాథ్‌కు ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"మొన్న ఒకటి చెప్పింది, ఇయ్యాల ఒకటి చెప్తున్నది. అటు దిక్కు చూస్తే వెబ్‌సైట్ల పన్నెండు రోజుల లెక్కలున్నయ్. ఆమె మాట పట్టుకొని ఓపెనింగు ఆపమంటే నన్ను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తోలుతరు. ఆ లెక్క తప్పని చూపెట్టున్రి, అప్పుడు చూద్దాం."

షారోన్ ఫోన్‌లో ఆ పేజీ తెరిచింది. కొత్త లైను, పరీక్ష నల్లా నంబరు పదిహేడు. ఒకటో తేదీ నుంచి ఈరోజు దాకా పన్నెండు వరసలు. ప్రతి వరసలో ఉదయం ఆరూ నలభై. ప్రతి వరసలో క్లోరిన్ 0.5, అంటే నీళ్లు మంచివని. నమూనా తీసినవారు: మహేష్.

"ఈ మహేష్ ఎవరు?"

"కంపెనీ మనిషంట మేడం. మేము ఎవ్వరం సూడలే."

ఆ అంకెలు చూస్తుంటే ఒళ్లు మండింది. నా కాలంలో రాత్రి గస్తీ పుస్తకాలు తనిఖీ చేసేదాన్ని. నిజంగా తిరిగిన కానిస్టేబుల్ పుస్తకంలో ఒకరోజు ఆలస్యం ఉంటుంది, ఒకరోజు వాన పడి పోలేదని ఉంటుంది, ఒక పేజీ మీద ఛాయ మరక ఉంటుంది. ఇంట్లో పడుకుని రాసినవాడి పుస్తకమే ముత్యాల్లా ఉంటుంది. ఇక్కడ ఆదివారం కూడా ఆరూ నలభైయే.

"నల్లాల లెక్కలు సరిచూసే మీ గుంపోళ్లు ఆదివారం ఆదివారం బస్తీలలో వీటిని చదివి వినిపిస్తరు కదా. ఇది ఎట్ల తప్పిపోయింది?"

షారోన్ మొహం చిన్నబోయింది. "వేరే నల్లాలైతే జనమే పట్టిస్తరు మేడం. అంకె చదవంగనే, ఆనాడు నల్లానే రాలే, లెక్క ఎక్కడిది అని లొల్లి చేస్తరు. నాలుగు నల్లాల లెక్క గట్లనే సరిచేయించినం. కొత్త లైను నీళ్లు ఇంకా ఎవరింటికీ రాలే. సరిచూసెటోళ్లే లేకపాయిరి. మేము గూడ అంకె చూసి నమ్మినం."

"ఆ పదిహేడో నల్లా ఎక్కడుంది?"

"అగో," అంది చంద్రమ్మ, కళ్లు తుడుచుకుంటూ. తన ఇంటి బయటి గోడకే చూపించింది.

నడుము ఎత్తు ఇనుప గొట్టం, దానికి ఇత్తడి నల్లా, పక్కన రేకు మీద 17. వంగి చూశాను. నల్లా పిడికీ గొట్టానికీ కలిపి పసుపు దారం ఐదారు చుట్లు చుట్టి ఉంది. మధ్యలో పసుపుకొమ్ము. ముడి మీద తడిపసుపు మెత్తి, పైన కుంకుమ బొట్టు పెట్టారు. అంతా ఎండి గట్టిపడింది. ఎక్కడా బీట లేదు.

"ఇది ఎవరు కట్టిన్రు?"

"నేనే. పోయిన నెల ముప్పైకి, ఆదివారం, బిగించి పోయిన్రు. కొత్త నల్లా గదా, గంగమ్మ తల్లి. తొలినీళ్లు పట్టేనాడు కొబ్బరికాయ కొట్టి నేనే ఇప్పాలె. అప్పటిదాంక ఎవ్వరు ముట్టొద్దని గల్లీల అందరికి చెప్పిన. బుధారం గూడ నీళ్లు ఇంటి నల్లాలకే వచ్చినయి, దీన్ని ముట్టలే."

వేలితో పిడిని మెల్లగా కదిలించి చూశాను. దారం బిగిసింది. వెంట్రుకవాసి తిరిగినా తెగుతుంది. పన్నెండు రోజులు, పన్నెండు నమూనాలు, ఒక్కసారి కూడా తిప్పని నల్లా!

"షారోన్, దీని ఫోటో ఏమన్నా ఉందా మీ దగ్గర?"

ఉంది. ప్రతి పరీక్ష నల్లానూ ఫోటో తీసి పటంలో పెట్టడం వాళ్ల గుంపు పని. ముప్పయ్యో తేదీ ఆదివారం, మధ్యాహ్నం పన్నెండూ ఐదు. అదే దారం, అదే చుట్లు, రెండు కొమ్మలు చీలిన అదే పసుపుకొమ్ము. బొట్టు కింద ఒక ధార జారి ఎండిపోయిన గీత కూడా అదే. ఆ పిల్లను అక్కడికక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది.

రెండూ పదికి మళ్లీ అమరనాథ్‌కు చేశాను. మీటింగులో ఉన్నాడని స్టేషన్ రైటర్ చెప్పాడు. దారం సంగతి అతనికే చెప్పి, అమరనాథ్‌కు ఫోటోలు పంపాను. రెండున్నరకు చేశాను, అదే మాట. ఫోటోలు చూసిన గుర్తు కూడా పడలేదు.

రెండూ నలభైకి గల్లీలోకి తెల్లకారు వచ్చింది. నందకిశోర్ దిగాడు. చేతిలో కటింగ్ ప్లేయరు ఉంది.

"నమస్తే రమక్కా! ఈ ఎండల మీరెందుకు తిరుగుతున్నరు? ఫోన్ చేస్తే రిపోర్టు ఇంటికే పంపుదును కదా."

"చదివిన. వెబ్‌సైట్‌కు వందకు తొంభై ఎనిమిది మార్కులేసినవ్. ఆ రెండు ఎందుకు కోసినవ్?"

"పేజీ తెలుగుల లేదని. మిగతాదంతా ఫస్ట్ క్లాస్. ఖాళీలు లేవు, ఆలస్యం లేదు, తప్పు తారీఖు ఒక్కటి లేదు. ఇంత శుభ్రమైన డేటా నేను ఎక్కడ చూడలే."

"నేను కూడ చూడలే. అందుకే అనుమానమొచ్చింది. ఈ ప్లేయరు ఎందుకు?"

"కంపెనీ వాళ్లు చెప్పిన్రు. ఓపెనింగు ముందట నల్లా సాఫ్ చేయాలంట. ఎవరో ఏదో దారం కట్టిన్రంట."

"ఎప్పుడు చెప్పిన్రు?"

"ఇప్పుడే. అరగంట అయితుంది."

నేను రైటర్‌కు దారం సంగతి చెప్పి సరిగ్గా అరగంట. స్టేషన్‌లో కంపెనీకి చెవులున్నాయన్నమాట.

"కిశోర్, పన్నెండు రోజులు రోజూ నీళ్లు పట్టిన నల్లాకు దారం ఉందని కంపెనీకి ఇవాళే తెలిసిందా?"

అతను ప్లేయరు చెయ్యి మార్చుకున్నాడు. వెంటనే తేరుకున్నాడు. తెలివైనవాడు, నేనే కదా నేర్పింది.

"ఇప్పి మళ్లీ కట్టి ఉంటరు."

"రోజూనా? ముడి మీద పసుపు ఎండి రాయయింది, చూడు. ముప్పయ్యో తారీఖు ఫోటో ఇగో, బొట్టు ధార కూడా అదే. పన్నెండు సార్లు ఇప్పి, పన్నెండు సార్లు అదే గీత గీసే మహేష్ ఎవడయ్యా? వాణ్ణి ఒక్కసారన్నా చూసినవా?"

"నా పని డేటా చూసుడు. మనుషుల్ని చూసుడు కాదు!"

"గదే నీ రోగం! గల్లీకి ఒక్కసారి వచ్చుంటే ఈ దారం నీకే కనపడేది. ఏసీల కూచొని అంకెలకు మార్కులేసినవ్. ఆ మార్కులు చూసే ఆరువందల ఇండ్లకు నీళ్లు ఇడుస్తున్నరు. ఒకడు జైలుకు పోతున్నడు!"

అతని మొహం ఎర్రబడింది. నన్ను దాటి నల్లా దగ్గరికి నడిచి ప్లేయరు తెరిచాడు. నేను చెయ్యి పట్టుకునేలోపే చంద్రమ్మ అడ్డం పడింది. రెండు చేతులతో నల్లాను కప్పేసింది.

"నా వేళ్లు కత్తిరించు ముందు. తర్వాత దారం కత్తిరించు."

"పక్కకు జరుగమ్మా. మీ కేసు కోసమే నేను—"

"నా కేసు అవద్దం! డానియేలు తమ్మి తప్పు లేదు. నేనే అడిగిన, నేనే పోయించిన. పోయి రాసుకో!"

ప్లేయరు గాలిలోనే ఉంది. నందకిశోర్ నా వైపు చూశాడు. ఆరేళ్లు పక్క కుర్చీలో కూచున్న కుర్రవాడు ఒక్క క్షణం కనిపించాడు. ప్లేయరు జేబులో పెట్టుకున్నాడు.

దారాన్ని సాక్ష్యంగా అలాగే ఉంచాలా, విప్పి నీళ్లు పరీక్షించాలా అని ఆ తర్వాత గంట అతనితో వాదించడంలోనే పోయింది. అటు అమరనాథ్ దొరకడు, ఇటు కంపెనీ వాళ్లు నందకిశోర్‌కు ఫోన్ మీద ఫోన్. అతను ఎత్తడం మానేశాడు. చివరికి మూడూ యాభైకి చంద్రమ్మ, "ఇప్పుతా," అంది. కొబ్బరికాయ లేదు. చెప్పులు విడిచి, నల్లాకు దండం పెట్టి, గోటితో పసుపు పెళ్లగించి ముడి విప్పింది. షారోన్ వీడియో తీసింది. పిడి కిర్రుమని తిరిగింది.

మొదట తుప్పునీళ్లు. తర్వాత చూడటానికి మామూలు నీళ్లే, కానీ ముక్కు దగ్గర పెట్టలేకపోయాం. షారోన్ సంచిలోంచి క్లోరిన్ పరీక్షకు వాడే గాజుగొట్టం తీసి నింపి, మందు చుక్కలు వేసింది. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపురంగుకు తిరగాలి. రెండు నిమిషాలు నలుగురం గొట్టాన్నే చూశాం. రంగు మారలేదు.

"సున్నా," అంది షారోన్.

నందకిశోర్ ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టి మరోసారి చూశాడు. అప్పుడే షారోన్ ఫోన్ టింగుమంది. ఆ పేజీలో కొత్త అంకె పడితే తెలిసేలా పెట్టుకుందట.

"మేడం... కొత్త రీడింగు పడ్డది."

"ఎక్కడిది?"

"నల్లా పదిహేడు. టైము నాలుగూ ఐదు. 0.5."

గడియారం చూశాను. నాలుగూ ఆరు. నా చెయ్యి ఇంకా పదిహేడో నల్లా మీదే ఉంది.

"నమూనా తీసినోళ్ల పేరు..." షారోన్ ఆగి నందకిశోర్ వైపు చూసింది. "ఈ సారి మహేష్ కాదు. నందకిశోర్ అని ఉంది."

అతను ఫోన్ లాక్కుని చూశాడు. "ఆడిట్ కోసమని నా పేర లాగిన్ ఇచ్చిన్రు... నేనింకా వాడనే లేదు. రమక్కా, నేను ఇక్కడనే ఉన్న కదా! మీరంతా చూస్తున్నరు కదా!"

"చూస్తున్నం. రేపు ఆరువందల ఇండ్లల్ల మనుషులు పడితే, ఆఖరి పరీక్ష చేసింది నువ్వే అని రికార్డు చెప్తది. డానియేలు తర్వాత వంతు నీది."

జాలి పడదామన్నా నాకు తీరిక లేదు. మళ్లీ స్టేషన్‌కు చేశాను. ఈసారి అమరనాథే ఎత్తాడు. నేను నోరు తెరిచేలోపే, "ఏం చేసినా లాభం లేదు. ముఖ్య అతిథి ముందుగాలనే వచ్చిండట. నాలుగింటికే వాల్వు తిప్పేసిన్రు," అన్నాడు.

స్పీకర్ పెట్టి దారం, సున్నా, నాలుగూ ఐదు రీడింగు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. నందకిశోర్ ఫోన్ మీదికి వంగి, "నేను సాక్ష్యం చెప్త సార్. నా రిపోర్టు తప్పు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడ్త," అన్నాడు.

అమరనాథ్ గట్టిగా ఊపిరి వదిలాడు. "అక్కడ బ్యాండు మోగుతున్నది. చీఫ్ గెస్టు ముందట వాల్వు మూయమంటే ఎవడు మూస్తడు? రాతపూర్వకంగా కావాలంటరు."

వెనక నుంచి డానియేలు గొంతు వినిపించింది. బెంచీ మీంచి లేచి వచ్చినట్టున్నాడు.

"ఏమైంది సార్? కొత్త లైను మంచిగ లేదా?"

అమరనాథ్ రెండు ముక్కల్లో చెప్పాడు.

"సార్, నడుమ ఇంకో వాల్వు ఉంది," అన్నాడు డానియేలు. "హుస్సేనీ ఆలం మలుపు కాడ. నిన్న మొన్న తారు పోసిన్రు, పైకి కనపడదు. నేను బిగించిన, నాకెరుక. ఆ దిక్కు గొట్టం ఖాళీగ ఉండె కాబట్టి తొలి ఇంటికి నీళ్లు చేరేసరికి నాలుగున్నర అయితది. నన్ను తీసుకపోన్రి. బేడీలు ఏసే తీసుకపోన్రి."

నాలుగూ పదకొండు.

"తీసుకపోత," అన్నాడు అమరనాథ్. తాళాల చప్పుడు వినిపించింది. "జీపు తియ్యిరా! రమాబాయి గారూ, ఈయన్ని కేసులకెల్లి బయటికి తేవాలంటే నాకు ఒక్క ముక్క కావాలె. కొత్త లైను నీళ్లు మంచియని ఏం చూసి నమ్మిండు? గది లేకుంటే నిర్లక్ష్యం కేసు అట్లనే ఉంటది. నన్నడిగితే చెప్తలేడు, మీరడగున్రి."

"డానియేలూ," అన్నాను. "చంద్రమ్మ అంతా చెప్పింది. ఇంక ఎవర్నీ కాపాడే పని లేదు. నీళ్లు మంచిగున్నయని ఎక్కడ చూసినవ్?"

జీపు ఇంజను మొదలైంది.

"మేడం, షారోన్ ఆడ ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే నన్నడగకున్రి."

షారోన్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "నాన్నా. పోయిన నెల నీ ఫోన్ల నేను ఎక్కించిన కదా, ఆ పేజీ. చాబీ తిప్పేముందు రోజూ చూసుకో అని. అండ్ల చూసినవా?"

"నువ్వేం చెయ్యలేదు బిడ్డా."

"చూసినవా నాన్నా?"

"చూసిన," అన్నాడు డానియేలు. "నువ్వు నేర్పినట్టే. తారీఖు చూసిన. నల్లా నంబరు చూసిన. 0.5 ఉండె. రెండోసారి గూడ చూసిన. అప్పుడే తిప్పిన."

షారోన్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే, తడిసిన నేల మీద కూచుండిపోయింది. జీపు తలుపు పడిన చప్పుడు, సైరను వినిపించాయి. నాలుగూ పన్నెండు అయింది.